పిల్లల టీకాలకు సొంత ఖర్చు: తల్లిదండ్రుల చెల్లింపు సుముఖత

ప్రభుత్వం వేయని టీకాను డబ్బిచ్చి వేయించడానికైనా, ప్రభుత్వం ఉచితంగా వేసేదాన్నే ప్రైవేటు క్లినిక్‌లో మరో రకంలో వేయించడానికైనా తల్లిదండ్రులు ఎంతవరకు ఖర్చు పెట్టడానికి సిద్ధపడతారన్నది ఆరోగ్య అర్థశాస్త్రంలో ఒక అధ్యయనాంశం. దీన్ని చెల్లింపు సుముఖత అంటారు. చెల్లింపు శక్తి వేరు. శక్తి ఉండీ పెట్టనివాళ్లుంటారు, శక్తి లేకపోయినా చేబదులు తెచ్చి పెట్టేవాళ్లుంటారు. క్లినిక్‌లో నిజంగా చేతులు మారే సొమ్ము ఈ రెండూ కాని మూడో అంకె. తల్లి మనసులో ఎంతవరకు ఇవ్వాలని ఉందో డాక్టరుకు తెలియదు, మందు అసలు ఎంతకు వచ్చిందో తల్లికి తెలియదు. ఇద్దరికీ కనిపించేది అట్ట మీద అచ్చయిన ఎంఆర్‌పీ ఒక్కటే.

ఏ టీకాను ఉచిత పట్టికలో చేర్చాలి, దేన్ని మార్కెట్టుకు వదలవచ్చు అని తేల్చుకోవడానికి ప్రభుత్వాలకు చెల్లింపు సుముఖత అంకె కావాలి. ధర పెట్టడానికి కంపెనీలకు కావాలి. అందుకే దీని మీద పరిశోధన విస్తారంగా జరిగింది. అయితే తల్లిదండ్రులు పెట్టే డబ్బును చూసి ఆ వ్యాధి ఎంత ప్రమాదకరమో అంచనా వేయబోతే పొరపడతాం. డాక్టరు మాట, బిడ్డ ఏడుపు, పోయే ఒక రోజు కూలి, ఊళ్లో పుట్టిన భయం, ప్రభుత్వం అప్పటికే ఏమిస్తోందన్న సంగతి అన్నీ ఆ అంకెలో కలిసిపోయి ఉంటాయి. ఈ వ్యాసం ప్రధానంగా భారతదేశాన్ని, అవసరమైన చోట ఇతర దేశాల అనుభవాలను పరిశీలిస్తుంది. టీకాల తయారీకి హైదరాబాద్ పెద్ద కేంద్రం కావడం వల్ల తెలుగు ప్రాంతాల ప్రస్తావన తరచుగా వస్తుంది.

రెండు పట్టికలు

భారతదేశంలో పిల్లల టీకాల కార్యక్రమం 1978లో మొదలైంది. 1985లో దాన్ని సార్వత్రిక టీకాల కార్యక్రమంగా విస్తరించారు. పుట్టగానే బీసీజీ, పోలియో చుక్కలు, హెపటైటిస్ బి. ఆరు, పది, పద్నాలుగు వారాలకు అయిదు వ్యాధులకు కలిపి వేసే పెంటావాలెంట్, రోటా చుక్కలు. నిర్ణీత వారాల్లో పోలియో ఇంజెక్షన్, న్యుమోకోకల్ టీకా. తొమ్మిది నెలలు నిండాక తట్టు, రుబెల్లాలకు కలిపి వేసే ఎంఆర్. మెదడువాపు బెడద ఉన్న జిల్లాల్లో దాని టీకా. ఆ తర్వాత బూస్టర్లు. వీటికి ఎక్కడా పైసా ఇవ్వనక్కర్లేదు. తెలుగు పల్లెల్లో బుధ, శనివారాలు వచ్చాయంటే ఏఎన్‌ఎం టీకాల డబ్బా తెస్తుందని, ఆశా కార్యకర్త ఇంటికొచ్చి పిలుస్తుందని తల్లులకు తెలుసు.

రెండో పట్టిక భారత పిల్లల వైద్యుల సంఘానిది. అది ప్రభుత్వ పట్టికలోని టీకాలతో పాటు గవదబిళ్ళలు, ఆటలమ్మ, హెపటైటిస్ ఎ, టైఫాయిడ్, ఫ్లూ టీకాలను, ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను నివారించే హెచ్‌పీవీ టీకాను కూడా సూచిస్తుంది. ప్రైవేటు క్లినిక్ గోడ మీద ఉండేది, డాక్టరు ఇచ్చే టీకాల పుస్తకంలో అచ్చయ్యేది ఈ పట్టికే. పుస్తకంలో గడి ఉండి అందులో తేదీ, సంతకం లేకపోతే తల్లికి అది బాకీలా కనిపిస్తుంది. రెండు పట్టికల మధ్య ఉన్న తేడాయే ప్రైవేటు టీకాల మార్కెట్టు.

ఆ మార్కెట్టు మనుషుల లెక్కలో చిన్నది, డబ్బు లెక్కలో పెద్దది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఏడాది నుంచి రెండేళ్ల లోపు పిల్లల్లో 94.5 శాతం మందికి టీకాల్లో ఎక్కువ భాగం ప్రభుత్వ కేంద్రాల్లోనే పడ్డాయి, ప్రైవేటులో పడినవాళ్లు 4.2 శాతం. జ్వరం వస్తే, కాన్పు వస్తే ప్రైవేటు వైపు పరుగెత్తే దేశంలో ఇది విశేషమే. కానీ ఆ కొద్దిమంది కట్టే బిల్లు చూడాలి. ఆరు వ్యాధులకు కలిపి వేసే విదేశీ రకం హెక్సావాలెంట్ ఒక్క డోసు దాదాపు నాలుగు వేలు. న్యుమోకోకల్‌లో విదేశీ రకమూ అంతే. ఒక్కోటి మూడు డోసులు, ఆపైన బూస్టరు. ఈ రెండింటికే రెండేళ్లు నిండేలోపు ముప్పై వేలు కరిగిపోతాయి. ఫ్లూ, టైఫాయిడ్, ఆటలమ్మ, హెపటైటిస్ ఎ లెక్క దీనికి అదనం. చాలా ఆరోగ్య బీమా పాలసీలు టీకాల ఖర్చు ఇవ్వవు. ఆరోగ్యశ్రీ వంటి పథకాలు ఆసుపత్రిలో చేరే చికిత్సలకు ఉద్దేశించినవి. కాబట్టి ఇదంతా జేబులోంచి పోయేదే.

నిజజీవితంలో కుటుంబాలు ఏదో ఒక పట్టికకు కట్టుబడి ఉండవు, రెండింటినీ కలుపుకుంటాయి. పుట్టిన ఆసుపత్రిలో బీసీజీ, ఊళ్లో పీహెచ్‌సీలో పెంటావాలెంట్, ఏడాది దాటాక పట్నం డాక్టరు దగ్గర టైఫాయిడ్. చేతిలో డబ్బు ఆడినప్పుడు మొదటి డోసు కొని, రెండోదానికి ప్రభుత్వ కేంద్రానికి వచ్చేవాళ్లుంటారు. ఇంకొందరు మొదటి డోసుతో ఆపేస్తారు. సర్వేలు సాధారణంగా 'ఈ టీకాకు ఎంత ఇస్తారు?' అని ఒకేసారి అడుగుతాయి గానీ, ఇలా వాయిదాల్లో ఆగిపోయే చెల్లింపును పట్టుకోవడం వాటికి కష్టం.

నొప్పి లేని టీకా

ఉచితంగా దొరికేదానికి డబ్బెందుకు ఇస్తారన్నదానికి ఎక్కువగా ముందుకొచ్చే ఉదాహరణ కోరింత దగ్గు టీకా. ప్రభుత్వ పెంటావాలెంట్‌లో ఉండేది కోరింత దగ్గు సూక్ష్మజీవిని మొత్తంగా చంపి చేసిన పాత రకం. ఇది వేశాక జ్వరం, తొడ వాపు, ఒక రాత్రి ఏడుపు మామూలే. అందుకే ఏఎన్‌ఎం టీకాతో పాటు జ్వరం మందు కూడా చేతిలో పెడుతుంది. ప్రైవేటులో అమ్మే ఖరీదైన రకంలో ఆ సూక్ష్మజీవి నుంచి శుద్ధి చేసిన కొన్ని ప్రొటీన్లే ఉంటాయి. జ్వరం, వాపు తక్కువ. క్లినిక్‌లో దీన్ని పెయిన్‌లెస్ అంటారు, అమ్మమ్మలు నొప్పి లేని సూది అంటారు. సూది గుచ్చితే నొప్పి రెంటికీ ఒకటే. తేడా అంతా ఆ తర్వాతి రెండు రోజుల్లో ఉంటుంది.

ఎక్కువ డబ్బిస్తే ఎక్కువ రక్షణ వస్తుందనుకోవడం సహజం. ఇక్కడ సంగతి వేరు. శుద్ధి చేసిన రకం ఇచ్చే రక్షణ పాత రకం కంటే త్వరగా సన్నగిల్లుతుందని ఆ రకానికి మారిన దేశాల అనుభవం చెబుతోంది. అమెరికాలోని కాలిఫోర్నియాలో 2010లో కోరింత దగ్గు తొమ్మిది వేల మందికి పైగా సోకింది, పది మంది పసికందులు చనిపోయారు. పాత రకం వాడుతున్న దేశాలు దాన్నే కొనసాగించడం మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. అంటే తల్లిదండ్రులు అదనంగా చెల్లిస్తున్నది రోగం రాకుండా ఉండటానికి కాదు, ఒక రాత్రి నిద్రకు. దాన్ని తప్పుపట్టనక్కర్లేదు. మర్నాడు ఉద్యోగానికి వెళ్లాల్సిన తల్లికి ఆ రాత్రి విలువ తెలుసు. కానీ పాత రకం ధరకు, కొత్త రకం ధరకు మధ్య తేడాను చూపి 'ప్రజలు నివారణకు ఇంత విలువ కడుతున్నారు' అని లెక్కగట్టే నివేదికలు మాత్రం ఈ సంగతిని మర్చిపోతాయి.

డబ్బు పెట్టడానికి మరో కారణం నిరీక్షణ. ప్రభుత్వ కేంద్రాల్లో బీసీజీ, ఎంఆర్ వంటివి పది డోసుల వరకు ఉండే సీసాల్లో వస్తాయి. ఒకసారి కలిపితే నాలుగు గంటల్లో వాడాలి, మిగిలింది పారబోయాలి. ఒక్క బిడ్డ కోసం సీసా విప్పడానికి వెనకాడి, వచ్చేవారం రమ్మనే సందర్భాలు అందుకే వస్తాయి. ప్రైవేటులో దాదాపు అన్నీ ఒక డోసు సీసాలో, నింపిన సిరంజిలో ఉంటాయి. సాయంత్రం ఏడింటికి వెళ్లినా పని అవుతుంది. దినకూలీకి వెళ్లే తల్లికి ఉచిత టీకా కూడా పూర్తిగా ఉచితం కాదు. సగం రోజు కూలి, ఆటో ఖర్చు, మర్నాడు జ్వరంతో ఉన్న బిడ్డతో ఇంటి పట్టున ఉండటం దాని అసలు ధర.

పాత చరిత్ర

టీకాకు డబ్బివ్వడం ఆధునిక వైద్యం తెచ్చిన అలవాటని అనుకోవడానికి లేదు. జెన్నర్ గోమశూచి టీకా పద్ధతి రాకముందే బెంగాల్ ప్రాంతంలో టీకాదార్లు అనే వృత్తివాళ్లు ఊరూరా తిరిగి, మశూచి పొక్కుల రసిని చర్మంలోకి ఎక్కించేవారు. కుటుంబ స్తోమతను బట్టి ప్రతిఫలం తీసుకునేవారు. 1802 జూన్‌లో బొంబాయిలో మూడేళ్ల బాలికకు భారతదేశంలో తొలి గోమశూచి టీకా పడింది. తర్వాత బ్రిటిష్ ప్రభుత్వం ఉచితంగా వేస్తామన్నా చాలా చోట్ల జనం దాన్ని కాదని టీకాదారుకే డబ్బిచ్చి వేయించుకున్నారు. పాత పద్ధతిలో ప్రమాదం ఎక్కువ, అది వేయించుకున్నవారి నుంచి ఇతరులకు మశూచి అంటేది కూడా. అయినా టీకాదారు తెలిసిన మనిషి, అతని పనిలో పథ్యం ఉంది, అమ్మవారి పూజ ఉంది. ఉచితమైనది దొర పంపిన మనిషి చేతిలో ఉంది. 1865లో కలకత్తాలో టీకాదార్ల పాత పద్ధతిని చట్టంతో నిషేధించాల్సి వచ్చింది. ధర సున్నా అయినంత మాత్రాన జనం రారనడానికి ఇంతకంటే పాత ఆధారం దొరకడం కష్టం.

స్వతంత్ర భారతంలో ప్రైవేటు టీకాల మార్కెట్టు రూపురేఖలు మార్చింది హెపటైటిస్ బి. 1990ల్లో ఇది దిగుమతి సరుకు. ఒక్కో డోసు వందల్లో ఉండేది. ముగ్గురు పిల్లలున్న ఇంట్లో తొమ్మిది డోసులంటే మధ్యతరగతి వాళ్లు కూడా ఆలోచించుకునేవారు. ఎలక్ట్రానిక్స్ ఇంజనీరు కె.ఐ. వరప్రసాదరెడ్డి 1993లో హైదరాబాద్‌లో తల్లి పేరు మీద శాంతా బయోటెక్నిక్స్ స్థాపించారు. జన్యుసాంకేతికతతో తయారైన తొలి భారతీయ హెపటైటిస్ బి టీకా శాన్‌వ్యాక్-బి, 1997 ఆగస్టులో డోసు యాభై రూపాయల ధరకు మార్కెట్లోకి వచ్చింది. విదేశీ టీకాల ధరలు ఆ దెబ్బకు దిగివచ్చాయి.

ఆ తర్వాత జరిగినదాన్ని చెల్లింపు సుముఖత గురించి రాసేవాళ్లు ఎక్కువగా పట్టించుకోరు గానీ, దీనికంటే మంచి సహజ ప్రయోగం దొరకదు. బడుల్లో, సంఘాల ఆధ్వర్యంలో టీకా శిబిరాలు వెలిశాయి. పిల్లలతో పాటు పెద్దలూ వరుసలో నిలబడి సొంత డబ్బుతో వేయించుకున్నారు. పచ్చకామెర్లంటే పసరు మందు వైపు చూసే కుటుంబాలు కూడా వచ్చాయి. ధర తగ్గడం ఒక్కటే దీనికి కారణమని చెప్పలేం. హెపటైటిస్ బి ఎయిడ్స్ కంటే భయంకరమన్న ప్రచారం కూడా అప్పట్లో గట్టిగా సాగింది, దాని మీద వైద్య వర్గాల్లోనే విమర్శలు వచ్చాయి. ప్రభుత్వం 2002లో కొన్ని నగరాలు, జిల్లాల్లో హెపటైటిస్ బి టీకాను ఉచితంగా మొదలుపెట్టి, 2011కు దేశమంతటికీ విస్తరించింది. తల్లిదండ్రులు కొన్నారు కాబట్టి కంపెనీలు నిలబడ్డాయి, కంపెనీలు నిలబడ్డాయి కాబట్టి ధర పడింది, ధర పడింది కాబట్టి ప్రభుత్వం కొనగలిగింది. మధ్యలో గడిచిన ఏళ్లలో పుట్టి, కొనలేకపోయిన పిల్లల సంగతి ఈ కథలో ఎక్కడా రాదు.

కొలిచే తీరు

మార్కెట్లో లేని వస్తువుకు జనం ఎంత విలువ కడతారో నేరుగా అడిగి తెలుసుకునే పద్ధతిని 1960ల్లో పర్యావరణ అర్థశాస్త్రవేత్తలు రూపొందించారు. రాబర్ట్ డేవిస్ 1963లో హార్వర్డ్ సిద్ధాంత వ్యాసంలో అమెరికాలోని మెయిన్ అడవులకు వచ్చే వేటగాళ్లను, విహారులను ఇలాగే ప్రశ్నించాడు. ఎక్సాన్ వాల్డెజ్ నౌక నుంచి చమురు ఒలికిన తర్వాత నష్టపరిహారం లెక్కల కోసం ఈ పద్ధతిని పరిశీలించిన నిపుణుల సంఘానికి నోబెల్ గ్రహీతలు కెనెత్ ఆరో, రాబర్ట్ సోలో అధ్యక్షత వహించి 1993లో మార్గదర్శకాలు ఇచ్చారు. అడవి నుంచి టీకాకు ఈ పద్ధతి ప్రయాణించడానికి పెద్దగా మార్పులు అవసరం కాలేదు.

టీకా విషయంలో ప్రశ్న ఇలా ఉంటుంది: ముందుగా వ్యాధిని, టీకా రక్షణను, ఎన్నాళ్లు పనిచేస్తుందో వివరిస్తారు. తర్వాత ఒక ధర చెప్పి 'ఈ ధరకు మీ పిల్లలకు వేయిస్తారా?' అని అడుగుతారు. ఒక్కో కుటుంబానికి ఒక్కో ధర చెప్పి, అవునన్నవారి శాతం ధరతో పాటు ఎలా తగ్గుతోందో గీత గీస్తారు. కొన్ని సర్వేలు ధర పెంచుతూ తగ్గిస్తూ బేరమాడతాయి. ఇక్కడ చిక్కేమిటంటే, బేరం ఎక్కడ మొదలైతే జవాబు అక్కడికి దగ్గరగా తేలుతుంది. మరో రకం సర్వేలో ధర, రక్షణ, డోసుల సంఖ్య, దుష్ప్రభావాలు వేర్వేరుగా ఉన్న రెండు టీకాలు చూపి ఒకటి ఎంచుకోమంటారు.

సియోల్‌లోని అంతర్జాతీయ వ్యాక్సిన్ సంస్థ 2000ల్లో కలరా, టైఫాయిడ్ టీకాలపై జరిపించిన అధ్యయనాలు ఈ రంగంలో ముఖ్యమైనవి. కోల్‌కతా బస్తీలు, బంగ్లాదేశ్‌లోని మత్లబ్, మొజాంబిక్‌లోని బేరా, వియత్నాంలోని హ్యూ నగరం వాటి క్షేత్రాలు. అన్ని చోట్లా స్థూలంగా ఒకే ఆకారం కనిపించింది: పేదలు కూడా ఎంతో కొంత ఇస్తామన్నారు, ధర పెరిగేకొద్దీ ఆ సంఖ్య వేగంగా పడిపోయింది, ఆదాయంతో పాటు సుముఖత పెరిగింది. హ్యూ అధ్యయనంలో కొందరికి అక్కడికక్కడే జవాబు చెప్పమనకుండా రాత్రంతా ఆలోచించుకోవడానికి గడువిచ్చారు. గడువు దొరికినవాళ్లు చెప్పిన మొత్తం తక్కువగా ఉంది. ఇంట్లో మాట్లాడుకుని, నెల ఖర్చులు చూసుకుని చెప్పిన జవాబుకే విలువ ఎక్కువనుకుంటే, అప్పటికప్పుడు సేకరించిన సర్వే అంకెలన్నింటినీ కొంత తగ్గించుకునే చదవాలి. ఎదురుగా చదువుకున్న మనిషి కూర్చుని 'మీ బిడ్డ ప్రాణానికి ఎంత ఇస్తారు?' అన్న ధ్వనితో అడుగుతుంటే, ఏమీ ఇవ్వనని చెప్పడానికి ఏ తల్లికి నోరొస్తుంది?

సున్నాకు అటూ ఇటూ

ప్రశ్నలు అడగడం మాని నిజంగానే ధర పెట్టి చూసిన ప్రయోగాలు వేరే సంగతి చెప్పాయి. కెన్యాలోని బుసియాలో బడి పిల్లల నులిపురుగుల మందు మీద మైకేల్ క్రెమర్, ఎడ్వర్డ్ మిగెల్ చేసిన ప్రయోగం టీకాకు సంబంధించింది కాకపోయినా ఇక్కడ తప్పక చెప్పుకోవాల్సింది. ఉచితంగా ఇచ్చినప్పుడు నాలుగింట మూడొంతుల మంది తీసుకున్నారు. సగటున బిడ్డకు ముప్పై అమెరికన్ సెంట్ల రుసుము పెట్టగానే అది అయిదో వంతు కంటే దిగువకు పడింది. ధర పెరిగేకొద్దీ గిరాకీ నెమ్మదిగా తగ్గుతుందని పుస్తకాలు చెబుతాయి. సున్నా దగ్గర మాత్రం అది జారి పడుతుంది.

రాజస్థాన్‌లోని ఉదయపూర్ జిల్లాలో అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ దుఫ్లో బృందం సేవామందిర్ సంస్థతో కలిసి చేసి, 2010లో ప్రచురించిన అధ్యయనం సున్నాకు అవతలి వైపు చూసింది. మామూలు ఏర్పాటే ఉన్న గ్రామాల్లో పిల్లలకు టీకాలన్నీ పూర్తయినవి 6 శాతం. నెలనెలా చెప్పిన రోజున తప్పకుండా శిబిరం పెట్టిన గ్రామాల్లో 18 శాతం. అదే శిబిరంలో ప్రతి టీకాకు కిలో పప్పు, అన్నీ పూర్తయితే స్టీలు పళ్లేలు ఇచ్చిన చోట 39 శాతం. చిత్రమేమిటంటే పప్పు ఇచ్చిన చోటే ఒక్కో బిడ్డకు అయిన ఖర్చు తక్కువ: 28 డాలర్లు, పప్పు లేని శిబిరాల్లో 56 డాలర్లు. నర్సు జీతం ఎంతమంది వచ్చినా ఒకటే కదా. ఆ కుటుంబాలకు టీకాల మీద వ్యతిరేకత ఏమీ లేదు. అవే కుటుంబాలు జబ్బు చేస్తే ఊరి వైద్యుడికి సెలైన్ కోసం వందలు పోస్తాయి. వచ్చిన రోగానికి డబ్బు పెట్టే మనస్సు, రాబోయే రోగానికి పెట్టదు. రేపు వేయిద్దామనే వాయిదాకు కిలో పప్పు అడ్డుకట్ట వేసింది.

ఈ రెండు అధ్యయనాల తర్వాత ప్రాథమిక టీకాలకు రుసుము పెట్టి కార్యక్రమాన్ని తన కాళ్ల మీద నిలబెట్టాలన్న వాదన చాలావరకు బలం కోల్పోయింది. బలం కోల్పోవడమే న్యాయం అని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

భయం, మాట, అంగడి

డబ్బు పెట్టించేవాటిలో అన్నిటికంటే వేగంగా పనిచేసేది భయం. బ్రిటన్ 2015 సెప్టెంబరులో పసిపిల్లలకు మెనింజైటిస్-బి టీకాను ఉచితంగా మొదలుపెట్టింది. అంతకుముందు 2013లో అక్కడి నిపుణుల సంఘం, ఏ ధరకు కొన్నా ఇది గిట్టుబాటు కాకపోవచ్చని తేల్చి, మరుసటి ఏడాది ఆ మాట సవరించుకుంది. 2016 ఫిబ్రవరిలో ఆ వ్యాధితో చనిపోయిన ఒక చిన్నారి చిత్రాలు బయటికి రావడంతో, పెద్ద పిల్లలకూ ఉచితంగా వేయాలన్న అర్జీ మీద ఎనిమిది లక్షల మందికి పైగా సంతకాలు పెట్టారు. ప్రైవేటు క్లినిక్కులలో నిల్వలు చాలక కొత్తవారిని చేర్చుకోవడం ఆగింది. వ్యాధి వచ్చే అవకాశం అంతకుముందు నెలకూ ఆ నెలకూ మారలేదు. చెల్లింపు సుముఖత మాత్రం ఆకాశానికి ఎక్కింది. ఆ నెలలో సర్వే చేసి ఉంటే ఏ అంకె వచ్చేదో, ఆర్నెల్ల ముందు చేసి ఉంటే ఏది వచ్చేదో ఊహించవచ్చు.

మామూలు రోజుల్లో ఆ పని డాక్టరు మాట చేస్తుంది. 'వేయిస్తే మంచిదమ్మా' అన్న ఒక్క మాటకు ఎదురు అడిగేవాళ్లు తక్కువ. ఇందులో ఒక ఇబ్బంది ఉంది. భారతదేశంలో పిల్లల డాక్టరే టీకాను సిఫారసు చేసేవాడు, తన ఫ్రిజ్‌లో నిల్వ చేసేవాడు, అమ్మేవాడు. కొన్న ధరకూ ఎంఆర్‌పీకీ మధ్య ఉండే తేడా క్లినిక్ ఆదాయంలో భాగం. రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్య మందును కాపాడటానికి, కరెంటు పోతే ఇన్వర్టరుకు, గడువు తీరి పారేసేవాటికి అతనికీ ఖర్చుంది, అది నిజం. అయినా ఒకే వ్యాధికి ఎనిమిది వందల రకం, మూడు వేల రకం ఉన్నప్పుడు ఏది ముందు చూపిస్తారన్నది తల్లి సుముఖత మీద ఆధారపడదు.

కొంతమందే కొంటే

టీకాను మార్కెట్టుకు వదిలేయడానికి అడ్డుచెప్పే వాదన సాధారణంగా పేదరికం గురించి ఉంటుంది. దానికి తోడు మరో వాదన ఉంది. కొందరు కొనడం వల్ల కొననివారికి కొన్నిసార్లు మేలు జరుగుతుంది, కొన్నిసార్లు కీడు జరుగుతుంది.

మేలు అందరికీ తెలిసిందే. టీకా వేసుకున్న బిడ్డ పక్కింటి బిడ్డకు వ్యాధి అంటించడు. ఆ పక్కింటి లాభాన్ని తల్లి తన లెక్కలో వేసుకోదు, కాబట్టి ఆమె ఇచ్చే ధర సమాజానికి టీకా విలువ కంటే ఎప్పుడూ తక్కువే ఉంటుంది. అర్థశాస్త్రవేత్తలు సబ్సిడీని సమర్థించేది ఈ కారణంతోనే.

కీడుకు గ్రీస్ ఉదాహరణ. రుబెల్లా చిన్నపిల్లలకు వస్తే ఒంటి మీద దద్దుర్లు, కాస్త జ్వరం, అంతే. గర్భిణికి తొలి నెలల్లో వస్తే కడుపులో బిడ్డకు చెవుడు, శుక్లాలు, గుండె లోపాలు. గ్రీస్‌లో 1970ల మధ్య నుంచి తట్టు, గవదబిళ్ళలు, రుబెల్లాలకు కలిపి వేసే ఎంఎంఆర్ టీకా వాడుకలోకి వచ్చినా, అందరికీ వేసే పట్టుదల లేదు. 1980ల్లో సగం మంది పిల్లలకు కూడా పడలేదు. ఆ సగం వల్ల వైరస్ తిరగడం తగ్గింది గానీ ఆగలేదు. టీకా వేయని ఆడపిల్లలు చిన్నతనంలో రుబెల్లా తగలకుండానే పెరిగి పెద్దవాళ్లయ్యారు. 1993లో వ్యాధి ప్రబలినప్పుడు వాళ్లు గర్భవతులు. ఆ ఏడాది పుట్టుకతో రుబెల్లా లోపాలున్న పాతిక మంది పిల్లలను గుర్తించారు. కనీసం 80 శాతం పిల్లలకు వేయగల ఏర్పాటు ఉంటేనే రుబెల్లా టీకా మొదలుపెట్టాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చాలా ఏళ్లు చెబుతూ వచ్చిన మాట వెనుక ఉన్నది ఈ లెక్కే.

భారతదేశం కూడా చాలా ఏళ్లు అదే దారిలో నడిచింది. ఎంఎంఆర్ ప్రైవేటులో దొరికేది, ప్రభుత్వ పట్టికలో తట్టు ఒక్కదానికే ఉండేది. 2017లో ఎంఆర్ ఉద్యమం మొదలుపెట్టి, తొమ్మిది నెలల నుంచి పదిహేనేళ్ల లోపు పిల్లలందరికీ ఒకేసారి వేయడంతో ఆ ప్రమాదం తగ్గింది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఇది ఆ ఏడాది ఆగస్టులో జరిగింది. ఆటలమ్మ విషయంలో ప్రశ్న ఇంకా తెరిచే ఉంది. పిల్లల్లో తేలిగ్గా పోయే ఈ జబ్బు పెద్దయ్యాక వస్తే ఊపిరితిత్తుల దాకా పోతుంది. డబ్బున్న ఇళ్ల పిల్లలకే టీకా పడుతున్న నగరాల్లో మిగతా పిల్లలకు అది సోకే వయసు పెరిగే అవకాశం ఉంది. కొన్నవారి శాతం చాలా తక్కువగా ఉన్నంతకాలం ప్రభావం కనిపించదు. మధ్యస్థంగా ఉంటేనే చిక్కు.

ప్రైవేటు నుంచి ప్రభుత్వానికి

ఒక టీకా ప్రైవేటు క్లినిక్ నుంచి ప్రభుత్వ డబ్బాలోకి చేరడానికి పట్టే కాలం టీకాను బట్టి మారుతుంది. రోటా వైరస్ టీకాకు ధర పడటమే మలుపు. ఢిల్లీ అఖిల భారత వైద్య సంస్థలో 1980ల్లో పసికందుల నుంచి వేరుచేసిన 116ఇ అనే వైరస్ రకంతో హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్ రోటావ్యాక్ తయారుచేసింది. ప్రభుత్వానికి డోసు ఒక డాలరుకు ఇస్తామంది. తీవ్రమైన రోటా విరేచనాల నుంచి తొలి ఏడాదిలో రక్షణ 56 శాతం అని పరీక్షల్లో తేలింది. 2016 మార్చిలో ఆంధ్రప్రదేశ్‌తో పాటు ఒడిశా, హర్యానా, హిమాచల్ ప్రదేశ్‌లలో ఉచితంగా మొదలై, 2019లో దేశమంతటికీ చేరింది. న్యుమోకోకల్ టీకా 2017లో కొద్ది చోట్ల మొదలై 2021లో అన్ని రాష్ట్రాలకూ వచ్చింది. అంతకాలం న్యుమోనియాతో చనిపోయే ప్రమాదం తక్కువగా ఉన్న పిల్లలకే అది పడింది. ప్రమాదం ఎక్కువ ఉన్నవారి తల్లిదండ్రులు దాని పేరు కూడా విని ఉండరు.

హెచ్‌పీవీ టీకా కథ వంకరది. 2008లో రెండు విదేశీ టీకాలు మార్కెట్లోకి వచ్చాయి. 2009లో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో, గుజరాత్‌లోని వడోదరలో ఆడపిల్లలకు ఉచితంగా వేసే అధ్యయనం మొదలైంది. టీకా వేయించుకున్నవారిలో కొందరు మరణించడంతో 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. ఆ మరణాలకు టీకా కారణం కాదని విచారణ తేల్చింది. కానీ తల్లిదండ్రుల సమ్మతికి బదులు హాస్టల్ వార్డెన్ల సంతకాలు తీసుకున్న తీరును తీవ్రంగా తప్పుపట్టింది. ఉచితంగా ఇచ్చేది అడగకుండా ఇస్తే ఏమవుతుందో అక్కడ తెలిసింది. ఆ తర్వాత చాలా ఏళ్లు ఇది డబ్బున్నవారి టీకాగానే మిగిలింది. 2023 జనవరిలో పుణె సీరం ఇన్‌స్టిట్యూట్ వారి సెర్వావ్యాక్ రెండు డోసుల సీసా రెండు వేల రూపాయలకు వచ్చింది. తొమ్మిది రకాల వైరస్‌ను అడ్డుకునే విదేశీ టీకా పది వేలు దాటుతుంది. తల్లిదండ్రులు ఇక్కడ కొంటున్నది ఇరవై, ముప్పై ఏళ్ల తర్వాత రాగల జబ్బు నుంచి రక్షణ. అంత దూరం చూసి డబ్బు పెట్టడం ఫ్లూ టీకాకు పెట్టడంలాంటిది కాదు.

కోవిడ్ కాలంలో ప్రైవేటు సుముఖతను ప్రభుత్వం ఎక్కువగా అంచనా వేసిందనడానికి ఒక దాఖలా ఉంది. 2021లో దేశంలోని వ్యాక్సిన్లలో పాతిక శాతం ప్రైవేటు ఆసుపత్రులకు కేటాయించి, కోవిషీల్డ్‌కు 780, కొవాగ్జిన్‌కు 1,410 రూపాయల గరిష్ఠ ధర నిర్ణయించారు. పక్క వీధిలో ఉచితంగా దొరుకుతుంటే ఆ వాటా పూర్తిగా అమ్ముడుపోలేదు. మరుసటి ఏడాది పిల్లలకు వేసిన కార్బెవ్యాక్స్ తయారీదారు, హైదరాబాద్‌కే చెందిన బయలాజికల్ ఇ, 2022 మేలో ప్రైవేటు ధరను 840 నుంచి 250 రూపాయలకు దించింది.

టైఫాయిడ్ టీకా ఇంకా ప్రైవేటుకూ ప్రభుత్వానికీ మధ్య స్థితిలోనే ఉంది. భారత్ బయోటెక్ 2013లో తెచ్చిన టైప్‌బార్-టీసీవీకి ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తింపు వచ్చాక, 2018లో నవీ ముంబై నగరపాలక సంస్థ దాన్ని పిల్లలకు ఉచితంగా వేసింది. అదే ఏడాది పాకిస్తాన్‌లోని సింధ్ హైదరాబాద్‌లో, మందులకు లొంగని టైఫాయిడ్ ప్రబలిన పేటల్లో కూడా ఈ టీకానే వేశారు. 2019 నవంబరులో సింధ్ ప్రభుత్వం ప్రచారోద్యమంతో దాన్ని ఉచిత పట్టికలో చేర్చింది. ఆ సీసాలు బయలుదేరిన, తెలంగాణలోని హైదరాబాద్ పక్కనున్న జీనోమ్ వ్యాలీకి గంట ప్రయాణంలో ఉన్న క్లినిక్కులలో తల్లిదండ్రులు అదే టీకాకు సుమారు రెండు వేల రూపాయలు చెల్లిస్తున్నారు. 2024 నాటికి కూడా భారత ప్రభుత్వ పట్టికలో టైఫాయిడ్ లేదు.